మలుపు కాడ చోటు

2023 జనవరిలో ఓ రాత్రి, హైదరాబాదులో మా ఇంట్లో, ఫోన్లో ఓ మ్యాపు తెరిచి గంటన్నర సేపు దాన్ని అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు. టికెట్లు అమ్మకానికి పెట్టారు. రేట్లు వెయ్యి రూపాయల నుంచి మొదలై పైకి వెళ్తున్నాయి. ఎక్కడ కూర్చోవాలి?

మనం ఐటీ జనాలం కదా, సినిమా టికెట్ బుక్ చేసినా స్క్రీన్ నుంచి ఎన్నో వరసో లెక్కేస్తాం, బస్సు బుక్ చేసినా చక్రం మీద సీటు కాకుండా చూసుకుంటాం. కానీ నా జన్మలో ఒక్క కారు రేసు కూడా కళ్లారా చూడలేదు. అందుకని చాలామంది చేసే పనే చేశాను. రేటు ఎక్కువుంటే సీటు మంచిదే అయ్యుంటుందని, స్టార్టింగ్ లైను ఉండే తిన్నటి రోడ్డు మీదకి వేలు పోనిచ్చాను.

అప్పుడే మా బాబాయ్ రేపల్లె దగ్గర్లోని మా ఊరి నుంచి మోకాలు చూపించుకోటానికి వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. భుజం మీద నుంచి తొంగి చూసి, "ఏందిరా అది, పొలం మ్యాపా?" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆ గీతని ఓ నిమిషం చూసి, "ఒరే అబ్బాయ్, ఈ ఒంపు కాడ దొరకవా?" అని ఓ హెయిర్‌పిన్ మలుపు మీద వేలు పెట్టాడు.

"అదేంటి బాబాయ్, అక్కడ కార్లు మెల్లగా పోతాయి. రేసుకెళ్లి స్లోగా పోయే కార్లు చూస్తామా?"

"బండలాగుడు పందేల్లో మధ్యలో కూర్చునే వాణ్ణి ఎప్పుడన్నా చూశావా? మలుపు కాడ కూర్చోవాల్రా. తిన్నగా ఎవడైనా లాగిస్తాడు."

నేను నవ్వి, తిన్నటి రోడ్డు మీదే రెండు సీట్లు కొన్నాను. తప్పు చేశాను. ఎంత తప్పో అర్థమవటానికి నాకు ఓ రేసూ, బోలెడంత చరిత్రా పట్టింది. ఆ చరిత్రే ఇది.

అసలు ఈ మోటారు రేసులు పుట్టిందే ప్యారిస్‌లో. మాది తెనాలి కాబట్టి, మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కాబట్టి, ఈ ముక్క చెప్పే హక్కు నాకుందనుకుంటాను :) 1894 జులై 22న ఓ పత్రిక వాళ్లు ప్యారిస్ నుంచి రూవాఁ దాకా గుర్రాల్లేని బళ్లకి పోటీ పెట్టారు. అప్పట్లో సర్క్యూట్ అనే మాటే లేదు. ఓ ఊళ్లో మొదలెట్టి ఇంకో ఊరికి పోవటమే. అంటే చూసేవాడికి సీటు, టికెట్, స్టాండు ఏవీ లేవు. మీ ఇంటి అరుగే గ్రాండ్‌స్టాండు. మన దగ్గర తిరునాళ్ల ప్రభ వస్తుంటే జనం రోడ్డుకి రెండు పక్కలా నిలబడి, దగ్గరికొచ్చినప్పుడు కాస్త వెనక్కి జరుగుతారే, సరిగ్గా అలా. ప్రభ నడకతో వస్తుంది కాబట్టి ఫరవాలేదు. కారు అలా రాదు కదా.

అది తెలిసొచ్చింది 1903 మే 24న. ప్యారిస్ నుంచి మాడ్రిడ్‌కి రేసు. బళ్లు వెర్సాయ్ నుంచి బయల్దేరాయి. కొన్ని బళ్లు అప్పటికే గంటకి 130 కిలోమీటర్ల పైన పోతున్నాయి, రోడ్లు మాత్రం మట్టి రోడ్లు. జనం రోడ్డు మధ్య దాకా వచ్చి నిలబడి, బండి కనపడగానే పక్కకి తప్పుకునేవాళ్లు. ముందు పోయిన బండి లేపిన దుమ్ములో వెనక బండికి ఏమీ కనపడదు. రెనో కంపెనీ పెట్టిన అన్నదమ్ముల్లో ఒకడైన మార్సెల్ రెనో ఆ రేసులోనే దెబ్బలు తగిలి చనిపోయాడు. డ్రైవర్లు, మెకానిక్కులే కాదు, చూడ్డానికి వచ్చినవాళ్లూ పోయారు. బోర్డో దగ్గరే ఫ్రెంచి ప్రభుత్వం రేసు ఆపేసింది. బళ్లని ఇంజన్లు స్టార్ట్ చెయ్యనివ్వకుండా గుర్రాలతో స్టేషనుకి లాగించారని చెప్తారు.

ఊరి నుంచి ఊరికి రేసులు ఇక లాభం లేదని తేలాక మిగిలింది రోడ్డుని మూసేసి గుండ్రంగా తిప్పటం. దాంతో ఓ కొత్త సంగతి పుట్టింది. కారు మళ్లీ మళ్లీ అదే చోటికి వస్తుంది. అంటే చూసేవాడు ఓ చోటుని ఎంచుకోవచ్చు. చోటు ఎంచుకునే అవకాశం ఉందంటే మంచి చోటూ చెడ్డ చోటూ ఉన్నట్టే. మంచి చోటంటూ ఉంటే దానికో రేటు ఉంటుంది. వ్యాపారం మొదలైంది అక్కడే.

ఊరి వీధుల్లో రేసు అనగానే అందరికీ గుర్తొచ్చేది మొనాకో. అది మొదలైన కారణం మాత్రం చాలా ఆఫీసు వ్యవహారం. అక్కడి ఆటోమొబైల్ క్లబ్బు తమని జాతీయ క్లబ్బుగా గుర్తించమని అంతర్జాతీయ సంఘాన్ని అడిగితే, మీ దేశపు గడ్డ మీద మీరు నడిపే పోటీ ఒక్కటీ లేదు కదా, కుదరదు అన్నారు. క్లబ్బు తరఫున తిరుగుతున్న ఆంటొనీ నోగెస్‌కి అదో పంతం అయింది. దేశమే ఓ చిన్న ఊరంత. రేసు పెట్టాలంటే వీధులు తప్ప ఇంకేం ఉంది? అలా 1929 ఏప్రిల్ 14న మొదటి మొనాకో గ్రాండ్ ప్రీ జరిగింది. విలియమ్స్ అనే పేరుతో పోటీ చేసిన డ్రైవరు బుగాటీ కారులో గెలిచాడు. ల్యాపు పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. చూసేవాళ్లు మేడల మీద, కొండ వాలు మీద, రేవులో పడవల మీద. బాల్కనీ ఉన్న ఇల్లు దొరికితే అదృష్టం. ఇప్పటికీ అంతే, కాకపోతే ఆ బాల్కనీ అద్దె మన ఏడాది ప్యాకేజీని వెక్కిరిస్తుంది.

మొనాకోలో ఓ హెయిర్‌పిన్ ఉంది. ఫార్ములా వన్ క్యాలెండరు మొత్తంలో అత్యంత నెమ్మదైన మలుపు అదే, గంటకి 50 కిలోమీటర్లు కూడా ఉండదు. తెనాలి మార్కెట్ సెంటర్లో కాలేజీ కుర్రాడి బైకు అంతకన్నా జోరుగా పోతుంది. అయినా ఏటా ఫోటోగ్రాఫర్లు ఎగబడేది అక్కడికే. ఎందుకంటే డ్రైవరు చేతులు కనపడేది అక్కడే. స్టీరింగు ఎంత తిప్పాడు, ముందు బండికి ఎంత దగ్గరగా వచ్చాడు, ఎవడు తడబడ్డాడు, అన్నీ కనపడతాయి. బాబాయ్ చెప్పిందే ఇది. నాకే అప్పుడు ఎక్కలేదు.

మరి డబ్బున్నవాళ్లు తిన్నటి రోడ్డు మీద స్టాండు ఎందుకు కొంటారు? మొదలు అక్కడే, ముగింపు అక్కడే, పిట్స్ అక్కడే, కప్పు ఇచ్చేదీ అక్కడే కాబట్టి. అది పెళ్లిలో స్టేజీ ముందు వరసలాంటిది. కాకపోతే ఆ వరసకి ఓ చీకటి చరిత్ర కూడా ఉంది.

1955 జూన్ 11న ఫ్రాన్సులో లె మాన్స్ 24 గంటల రేసు. పిట్స్‌కి ఎదురుగా, స్టార్టింగ్ లైను ఉన్న తిన్నటి రోడ్డు పక్కన, మట్టి గట్టు వెనక జనం కిక్కిరిసి నిలబడ్డారు. అందరూ కావాలనుకునే చోటు అదే. పియర్ లెవే నడుపుతున్న మెర్సిడెస్ ముందున్న కారుని తాకి గాల్లోకి లేచి ఆ గట్టు మీద పడింది. ఇంజను, ముందు ఇరుసు విడిపోయి జనం మీదకి దూసుకెళ్లాయి. లెవేతో పాటు 80 మందికి పైగా చూసేవాళ్లు చనిపోయారు. మోటారు రేసుల చరిత్రలో అంతకన్నా ఘోరం ఇంకోటి లేదు. స్విట్జర్లాండు తన దేశంలో సర్క్యూట్ రేసుల్నే నిషేధించింది. మళ్లీ అక్కడ సర్క్యూట్ మీద రేసు జరిగింది 2018లో, జ్యూరిక్ వీధుల్లో. అదీ కరెంటు కార్లది, ఈ ఫార్ములా ఈనే.

రెండేళ్లకే, 1957 మే 12న, ఇటలీలో మిల్లె మిలియా. వెయ్యి మైళ్లు, మామూలు రోడ్ల మీద. గ్విడిజ్జోలో అనే ఊరి దగ్గర తిన్నటి రోడ్డు మీద ఓ ఫెరారీ టైరు పేలింది. డ్రైవరు, పక్కనున్న నావిగేటరు, రోడ్డు పక్కన నిలబడి చూస్తున్న తొమ్మిది మంది పోయారు. అందులో ఐదుగురు పిల్లలు. ఆ రేసు కథ అక్కడితో ముగిసింది.

ఈ రెండు ప్రమాదాలూ జరిగింది మలుపుల్లో కాదు, తిన్నటి రోడ్డు మీద. అలాగని మలుపులు భద్రం అనను, మలుపుకి బయటి వైపున నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ చాలామంది ఉన్నారు. నేననేది ఏంటంటే, ఎక్కడ కూర్చోవాలి అనేది వందేళ్ల పాటు ప్రాణాలతో చెలగాటం. మనం ఇవాళ ఎండ పడుతుందా, స్క్రీన్ కనపడుతుందా అని ఆలోచిస్తున్నామంటే ఆ పోయినవాళ్ల పుణ్యమే. కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఎత్తైన ఇనప వల, స్టాండుకీ రోడ్డుకీ మధ్య దూరం, ఇవన్నీ ఎవరో మంచి మనసుతో ముందే డిజైన్ చేసినవి కాదు. మన భాషలో చెప్పాలంటే ఒక్కో రూలూ ఒక్కో ప్రొడక్షన్ ఇష్యూకి వేసిన ఫిక్సు. మొనాకోలోనే 1967లో లొరెంజో బందీని కారు రేవు దగ్గర మలుపులో తిరగబడి అంటుకుంది. రోడ్డు పక్కన రక్షణ కోసం పెట్టిన ఎండుగడ్డి మోపులు ఆ మంటని ఇంకా పెంచాయి. మూడు రోజులకి ఆయన చనిపోయాడు. ఆ తర్వాత గడ్డిమోపులు పోయి ఇనప రెయిలింగులు వచ్చాయి. వరిగడ్డి వాముల మధ్య పెరిగిన డెల్టా వాణ్ణి, గడ్డి ఎంత త్వరగా అంటుకుంటుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక మన దేశానికొద్దాం. మనవాళ్లకి రేసు అంటే చాన్నాళ్లు షోలవరం. మద్రాసుకి ఉత్తరాన, రెండో ప్రపంచయుద్ధం నాటి ఎయిర్‌స్ట్రిప్పు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు వాళ్లు దాని మీద ఏళ్ల తరబడి రేసులు నడిపారు. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు నుంచి మద్రాసు పోతుంటే దారిలోనే తగిలే ఊరు. 1990 ప్రాంతంలో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాకు కట్టుకున్నాక ఆ శకం ముగిసింది. తర్వాత 2011 నుంచి 2013 దాకా మూడేళ్లు గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ జరిగింది. కానీ ఊరి నడిబొడ్డున, మామూలు రోజు మన ఆఫీసు క్యాబ్ పోయే రోడ్డు మీద రేసు అంటే హైదరాబాదే మొదలు. 2022 నవంబరులో ఇండియన్ రేసింగ్ లీగ్‌తో రిహార్సల్ లాంటిది అయింది. 2023 ఫిబ్రవరి 11న అసలు రేసు.

అన్నట్టు, రోడ్డుని ఇంకోదానికి వాడటంలో మా బాపట్ల జిల్లా కూడా తక్కువేం తినలేదు. షోలవరంలో విమానాల రోడ్డు మీద కార్లు పరిగెత్తాయి కదా. అదే కలకత్తా హైవే మీద పైకొస్తే, కొరిశపాడు దగ్గర కార్ల రోడ్డు మీదకి విమానాలొచ్చాయి. ఎయిర్‌ఫోర్సు వాళ్ల అత్యవసర ల్యాండింగు కోసం 16వ నంబరు హైవేలో నాలుగు కిలోమీటర్ల ముక్కని రన్‌వేలా కట్టారు. 2022 డిసెంబర్ 29న ట్రాఫిక్ మళ్లించి ట్రయల్ వేస్తే యుద్ధ విమానాలు దిగుతున్నట్టే కిందకొచ్చి మళ్లీ పైకి లేచాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం చూడ్డానికి వచ్చారు. టికెట్ లేదు, స్టాండు లేదు. 1894 నాటి ప్యారిస్ రోడ్డు పక్కన నిలబడ్డవాడికీ వీళ్లకీ తేడా ఏవుంది చెప్పండి?

సరే, హుస్సేన్ సాగర్ పక్కకొద్దాం. 2.83 కిలోమీటర్ల సర్క్యూట్, 18 మలుపులు. ఎన్టీఆర్ మార్గ్, సచివాలయం, లుంబినీ పార్కు చుట్టుపక్కల. పదకొండు జట్లు, 22 కార్లు. మధ్యాహ్నం మూడింటికి మొదలు. నేనూ బాబాయ్ రెండు గంటల ముందే వెళ్లి కూర్చున్నాం. ఎండ మొహం మీదే. ఇది రెండో తప్పు. సీటు కొనేటప్పుడు మ్యాపులో మలుపులు చూశాను గానీ దిక్కులు చూడలేదు. చిన్నప్పుడు రేపల్లె ప్యాసింజరెక్కితే మా నాన్న ముందు ఎండ పడని వైపు ఏదో చూసి ఆ కిటికీ పక్కన తువ్వాలు వేసేవాడు. ఆ మాత్రం తెలివి నాకు ఈ వయసులో లేకపోయింది.

ఈ సంగతి మనవాళ్లకి పదిహేడు వందల ఏళ్ల కిందటే తెలుసు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల నాటి క్రీడాస్థలం ఒకటి తవ్వకాల్లో బయటపడింది. మధ్యలో పల్లంగా ఆవరణ, నాలుగు వైపులా మెట్ల వరసలు, పడమర వైపు పైన ఓ మంటపం. ఆ మంటపంలో కూర్చునేది పెద్దవాళ్లే అయ్యుంటారు. సాయంత్రం ఆట జరుగుతుంటే వాళ్లకి సూర్యుడు వీపు వెనక ఉంటాడు. ఎదురుగా తూర్పు మెట్ల మీద కూర్చున్నవాడు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సిందే. ఇది నా ఊహే అనుకోండి, కానీ తూర్పు మెట్ల మీద కూర్చున్నవాడి బాధ ఆ రోజు నాకు బాగా తెలిసింది.

రేసు మొదలైంది. కార్లు వచ్చాయి. పోయాయి. బాబాయ్ నా వైపు చూశాడు. "అయిపోయిందా?" అన్నాడు. ఇంకా మొదటి ల్యాపే.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. మీ ముందు ఇనప వలలోంచి 40 మీటర్ల రోడ్డు స్పష్టంగా కనపడుతోందనుకోండి. గంటకి 216 కిలోమీటర్లంటే సెకనుకి 60 మీటర్లు. కారు మీ కళ్ల ముందుండేది 0.67 సెకను. హెయిర్‌పిన్‌లో గంటకి 54 కిలోమీటర్లంటే సెకనుకి 15 మీటర్లు. అదే 40 మీటర్లకి 2.7 సెకన్లు. 30 ల్యాపులు వేసుకుంటే, తిన్నటి రోడ్డు మీద కూర్చున్నవాడు తన అభిమాన డ్రైవర్ని రేసు మొత్తంలో 20 సెకన్లు చూస్తాడు. మలుపు కాడ కూర్చున్నవాడు 80 సెకన్లు చూస్తాడు. నేను ఎక్కువ డబ్బు కట్టి నాలుగో వంతు రేసు కొనుక్కున్నానన్నమాట!

కరెంటు కార్ల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువ. 2023లో వచ్చిన మూడో తరం కార్లకి వెనక చక్రాలకి మామూలు హైడ్రాలిక్ బ్రేకులే లేకుండా డిజైన్ చేశారు. మోటారే తిరగబడి జనరేటరు అయ్యి బండిని ఆపుతుంది, ఆ శక్తి బ్యాటరీలోకి పోతుంది. రేసులో ఖర్చయ్యే శక్తిలో 40 శాతం దాకా ఇలా బ్రేకింగ్ నుంచే వస్తుందని వాళ్ల లెక్క. అంటే ఎవడు ఎంత పొదుపుగా నడుపుతున్నాడు, ఎవడు తెగించి ఆలస్యంగా బ్రేకు వేస్తున్నాడు అనేది తేలేది మలుపు ముందరే. పెట్రోలు కారైతే తిన్నటి రోడ్డు మీద కనీసం ఆ గర్జన విని పులకించొచ్చు. ఇక్కడ అదీ లేదు, కందిరీగ పోయినట్టు ఓ కూత. "సౌండు కూడా లేదేందిరా, గ్రైండరు తిరిగినట్టుంది" అని బాబాయ్ ఇంకో వాత పెట్టాడు.

ఇంతలో మా వెనక ఎక్కడో పెద్ద అరుపు. మేం కూర్చున్న చోట రోడ్డు ఖాళీ. తల తిప్పి స్క్రీన్ చూస్తే ఏముంది.. మూడో మలుపు దగ్గర, హెయిర్‌పిన్‌లో, రెండు జాగ్వార్ కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆగిపోయున్నాయి! సామ్ బర్డ్ లోపలి వైపు నుంచి దూరబోయి, పోల్ పొజిషన్ నుంచి మొదలెట్టిన సొంత జట్టువాడు మిచ్ ఎవాన్స్‌ని గుద్దేశాడు. జాగ్వార్ అంటే మన టాటా వాళ్లదే. జట్టు పేరులో టీసీఎస్ కూడా ఉంది. సొంతగడ్డ మీద, స్పాన్సర్ల ముందు, ఇద్దరూ ఔట్. ఒకే టీములో ఇద్దరు ఒకే ఫైలు ఎడిట్ చేసి ఒకేసారి చెకిన్ చేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా :)

ఆ రోజు మొత్తంలో జనం ఏళ్ల తర్వాత కూడా చెప్పుకునే క్షణం అదే. బాబాయ్ వేలు పెట్టింది సరిగ్గా ఆ మలుపు మీదే అని చెప్పుకుంటే కథ ఇంకా బాగుండేది. అదో కాదో నాకిప్పుడు గుర్తు లేదు. కానీ ఆయన చెప్పిన సూత్రం మాత్రం నూటికి నూరుపాళ్లు నిజమైంది. మేం ఆ గుద్దుకోవటాన్ని చూసింది స్క్రీన్ మీద. అది ఇంట్లో సోఫాలో కూర్చుని కూడా చూడొచ్చు, పైగా నీడలో.

చివరికి ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీ కన్నా బ్యాటరీ తక్కువున్నా, అర సెకను కూడా లేని తేడాతో కాపాడుకున్నాడు. మూడోవాడిగా గీత దాటిన సెబాస్టియన్ బ్వెమీకి తర్వాత పెనాల్టీ వేసి, అంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకి మూడో స్థానం ఇచ్చారు. ఆ చివరి ల్యాపుల్లో గీత దగ్గర కూర్చున్నందుకు మాకు దక్కిన సంతోషం మాత్రం నిజమే, అబద్ధం ఎందుకు చెప్పాలి. రెండు కార్లు ముక్కూ తోకా ఆనించినట్టు గీత దాటుతుంటే బాబాయ్ కూడా లేచి నిలబడ్డాడు, మోకాలు నొప్పి మర్చిపోయి.

ఇంటికొస్తూ ఆటోలో ఆయన బండలాగుడు సంగతి విడమరిచి చెప్పాడు. ఒంగోలు జత బండని ఈ కొస నుంచి ఆ కొసకి లాగుతుంది. కొస చేరాక జతని తిప్పి మళ్లీ ఇటు లాగించాలి. ఇచ్చిన టైములో ఎన్ని అడుగులు లాగితే అంత. మధ్యలో అన్ని జతలూ ఇంచుమించు ఒకేలా పోతాయి. తేడా వచ్చేది కొస దగ్గర తిప్పేటప్పుడు. లోపలి ఎద్దు ఆగాలి, బయటి ఎద్దు చుట్టూ తిరగాలి, తోలేవాడు అరవకుండా, జత బెదరకుండా చెయ్యాలి. అక్కడ పోగొట్టుకున్న నాలుగు సెకన్లు మళ్లీ రావు. "ఎద్దు బలం మధ్యలో తెలుస్తది, తోలేవాడి పనితనం మలుపు కాడ తెలుస్తది" అన్నాడు. రేసుల మీద ఆ రోజు దాకా నేను చదివిన ఏ వ్యాసమూ ఇంత క్లుప్తంగా చెప్పలేదు.

వచ్చే ఏడాది ఖచ్చితంగా హెయిర్‌పిన్ దగ్గరే, పడమర వైపు స్టాండులోనే, అని ఒట్టు పెట్టుకున్నాను. వచ్చే ఏడాది రాలేదు. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు రద్దయిందని జనవరిలోనే ప్రకటన వచ్చింది. ఎన్నికలయ్యాయి, ప్రభుత్వం మారింది, కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందం కొనసాగించలేదు. దాని చెల్లింపుల మీద తర్వాత కేసులు కూడా నడిచాయి. ఎవరిది తప్పు అనేది ఇక్కడ నా విషయం కాదు. నా మటుకు నాకు రెండు వైపులా సబబే అనిపిస్తుంది. రోడ్డు అందరిదీ, ఖజానా అందరిదీ, కాబట్టి లెక్క అడగాల్సిందే. ఆ వారంలో ఆ దారిన ఆఫీసుకీ ఆసుపత్రికీ పోవాల్సినవాళ్లు చుట్టూ తిరిగి పోయారు, వాళ్లకి ఎవరూ టికెట్ డబ్బులు వాపసు ఇవ్వలేదు. కానీ, ఓ రిటైరైన రైతు నగరం నడిబొడ్డున ప్రపంచ స్థాయి డ్రైవర్లని చూసి, వాళ్ల పనిలో తన పనిని గుర్తుపట్టిన రోజు కూడా అదే రోడ్డు ఇచ్చింది. దీన్ని ఏ కాలమ్‌లో వెయ్యాలో నాకు తెలీదు.

వీధి సర్క్యూట్ల గుణమే అంత. నోయిడా ట్రాకు వాడకుండా వదిలేసినా ట్రాకులాగే ఉంటుంది. వీధి సర్క్యూట్ మాత్రం దిమ్మెలు తీసేస్తే మాయమైపోతుంది. నిన్న రెండు జాగ్వార్లు గుద్దుకున్న చోట ఇవాళ ఆటోవాడు మీటరు మీద ఇరవై అడుగుతుంటాడు.

హైదరాబాదు పోయింది కదా, చెన్నై అయినా వెళ్దాం అనుకున్నాను. అక్కడ 2023 డిసెంబర్ రెండో వారంలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ మూడున్నర కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద రాత్రి రేసు పెట్టారు. మిచాంగ్ తుపాను వచ్చి చెన్నైని ముంచేసింది, రేసు వాయిదా పడింది. అదే తుపాను పైకొచ్చి డిసెంబర్ 5న తీరం దాటింది ఎక్కడనుకున్నారు? బాపట్ల దగ్గర! బాబాయ్ వరి కోతకొచ్చి ఉంది. పడిపోయిన చేను చూసి ఆయన ఫోన్ చేసినప్పుడు రేసు టికెట్ గురించి మాట్లాడే మొహం నాకు లేదు. ఆ రేసు చివరికి 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో జరిగింది. నాకు రిలీజు ఉంది, వెళ్లలేదు.

రేపు మన దగ్గర ఇంకో వీధి రేసు జరిగితే, కొత్తగా వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదీ. పొడవాటి తిన్నటి రోడ్డు చివర ఉండే నెమ్మదైన మలుపు వెతకండి, బ్రేకులు పడే చోటా మలుపూ రెండూ కనపడే స్టాండు దొరికితే అదే బంగారం. మధ్యాహ్నం రేసైతే వీపు పడమరకి పెట్టండి. కింది వరసలో వల అడ్డమొస్తుంది, నాలుగు మెట్లు పైకి ఎక్కండి. ఎదురుగా పెద్ద స్క్రీన్ ఉండేలా చూసుకోండి, ఎందుకంటే మీరెక్కడ కూర్చున్నా మిగతా రేసంతా ఇంకెక్కడో జరుగుతుంది. గెలుపు గీత కోసం ఎక్కువ డబ్బు పొయ్యకండి. అన్నిటికన్నా ముందు, పక్కన కూర్చోబోయే పెద్దాయన మాట ఓసారి వినండి.

మొన్న సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు బండలాగుడు పందేలకి తీసుకెళ్లాడు. మేం వెళ్లేసరికి జనం విరగబడి ఉన్నారు. మధ్యలో, టెంటు కింద, ప్లాస్టిక్ కుర్చీలు వేసి పెద్దమనుషుల్ని కూర్చోబెడుతున్నారు. నన్ను హైదరాబాదు నుంచి వచ్చాడని మర్యాదగా అటు పిలిచారు కూడా. బాబాయ్ వినిపించుకోనట్టు కర్ర ఊతంగా కొస దాకా నడిచాడు. అక్కడ గట్టు మీద పొద్దున్నే వచ్చి పరిచిపోయిన ఆయన తువ్వాలు ఉంది, ఇద్దరికి సరిపడా. ఎండ వీపు మీద పడుతోంది.